నీరుగంటి కాలు

మా చెరువులో చేపలు పట్టే రోజు ముందుగా నేను కాలు పెట్టాలి. నా కాలు పడకుండా ఊళ్లో ఎవరి కాలూ పడదు. మా నాయనది అదే పని, వాళ్ల నాయనదీ అదే పని. మేం నీరుగంటి వాళ్లం. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూడడం మా వంతు.

శివరాత్రి దాటేసరికి నీళ్లు చెరువు నడుమ గుంటలో మాత్రమే మిగులుతాయి. చుట్టూ బురద. వేలం పాడుకున్న ఆసామి పెద్ద వలలు వేసి తన చేపలు తాను తీసుకుపోతాడు. మిగిలినవి ఊరివి. వాటిని పట్టే రోజు నేను తూము రాతి మీద కర్పూరం వెలిగించి, పసుపు కుంకుమ చల్లి, కుడికాలు బురదలో పెడతాను. నా వెనక ఊరంతా దిగుతుంది. ఆసామి వలలు ఎత్తినప్పటి నుంచి నేను దిగేదాకా మా ఊరి మనిషి ఎవడూ చెరువులోకి పోడు. ఎనుము బురదలో పడుకున్నా దాని యజమాని కట్ట మీద నిలబడి అరుస్తాడే తప్ప దిగడు. ఎందుకని అడిగితే నాకూ తెలియదు. నేను మా నాయనను అడగలేదు.

ఈ యేడు నన్ను నడుమ పెట్టి ఊరొక పక్క, ఆ రూతు ఒక పక్క లాగారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చిర్రెత్తుతుంది. ఎవరి మీద అంటే చెప్పలేను. అదే నా బాధ.

రూతుది చిత్తూరు. తిరుపతిలో యూనివర్సిటీలో పిట్టల మీద చదువు. పుష్యమాసంలో నీళ్లు వెనక్కి పోయి బురద తేలగానే ఒక ఆటోలో ఇనుప తీగతో అల్లిన గంపలు వేసుకుని వచ్చింది. అడుగు లేదు, పైన నైలాన్ జాలీ. వాటిని మోకాటి లోతు బురదలో తానే నడిచి అక్కడక్కడా బోర్లించింది. ఊరు వినోదం చూడడానికి కట్ట మీద చేరింది.

"ఏం పాపా, కోళ్లు ల్యాకుండానే గంపలు మూస్తా ఉండావే?" అన్నాడు మునిప్రసాద్. మా ఊళ్లో మోటార్లు రిపేరు చేసేవాడు. నోరు ఊరికే ఉండదు.

"కోళ్లకు గాదన్నా. ఉల్లంకి పిట్టలకు."

"పట్టేదానికా?"

"పట్టేదానికి గాదు. లోపలికి రానీకుండా."

"పిట్టల నోటికాడ కూడు మూతపెట్టేదానికి తిరపతి నుంచి వచ్చినావా తల్లీ!"

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. తరువాత నాకు విడమరిచి చెప్పింది. ఉల్లంకి పిట్టలు మనకు తెలిసినవే, సన్నకాళ్లతో బురదలో ముక్కు గుచ్చుతూ పరిగెత్తుతుంటాయి. అవి మన ఊరివని నేను అనుకునేవాణ్ణి. కావంట. ఉత్తరాన మంచు దేశంలో గుడ్లు పెట్టి, చలికి తట్టుకోలేక ఇంత దూరం వస్తాయంట.

"తిరిగి పొయ్యేముందు ఈ బురదలో పురుగులు తిని ఒళ్లు సేసుకోవాల తాతా. ల్యాకుంటే దారిలోనే రాలిపోతాయి. గంప కింద పిట్ట ముక్కు పడదు, పురుగులన్నీ అట్టే ఉంటాయి. గంప పక్కన పిట్టలు తినేసుంటాయి. కడాకు రెండు తావుల్లో మట్టి తీసి జల్లెడ పడితే, ఇవి ఎంత తిన్నాయో తెలిసిపోతాది. ఈ బురద వాటికి అన్నమని నేను నోటితో సెప్తే ఎవురింటారు? సూపించాల."

నాకు బాగానే అర్థమైంది. గంప కింద మట్టి, గంప పక్క మట్టి, రెండూ కావాలి. ఒకటుంటే చాలదు.

అంతకు ముందు ఏడాది వానల్లేక చెరువు నిండలేదు. దానికి ముందు ఆ పిల్ల వేరే ఊళ్లో గంపలు పెడితే, పూడికమట్టి తోలే ట్రాక్టర్లు వాటి మీదుగానే పోయాయంట. యూనివర్సిటీ వాళ్లు ఆ పిల్లకిచ్చిన గడువు ఈ వేసవితో సరి. ఈ మట్టి చేతికి రాకపోతే అన్నేళ్ల చదువూ పట్టా లేకుండా పోతుంది. ఆ మాట నాతో చెప్పి, పిట్టల వైపు చూసింది.

అంతా బాగా జరుగుతుండగా, ఒకనాడు కట్ట దిగుతూ రాళ్ల మీద జారింది. మడమ దగ్గర ఎముక విరిగింది. ఆటోలో పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాను. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు. "కాలు కింద పెడితే మళ్లీ నా కాడికే వస్తావు" అన్నాడు కట్టు కట్టినాయన. హాస్టల్లో పడుకోమని నేనూ చెప్పాను. ఎవరు వింటారు? మళ్లీ మా ఊరి బస్సు దిగింది. మా ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, బోర్లించిన బకెట్ మీద కట్టు కాలు పెట్టుకుని, దుర్బిణి కళ్లకానించి కట్ట మీద కూర్చుంది.

ఇంతలో ఆసామి వలలు ఎత్తుకుపోయాడు. ఊరు నా వైపు తిరిగింది.

"మావా, ఎప్పుడు దిగతా ఉండావు?" అని ఒకరు. "నీళ్లు కాగతా ఉండాయి, సేపలు ఉడికిపోతాయి" అని ఒకరు.

నేను రూతు దగ్గరికి పోయాను. "పాపా, ఊరు దిగతాది. నీ గంపలు తీసుకోవాల."

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. "ఆదివారం దాకా ఆపు తాతా. నేను దిగలేను గదా. ఆదివారం మా జూనియర్లు ఇద్దరొస్తారు. మట్టి తీసుకుంటాం. ఆ మాపటేలే మీరు దిగండి."

"అంతకుముందు రాకూడదా వాళ్లు?"

"పరీక్షలు తాతా. హరినాథ్ సార్ పంపీడు." హరినాథ్ సార్ అంటే ఆ పిల్లకు చదువు చెప్పే ఆయన.

సరే అన్నాను. ఆ సరే అన్నందుకు నేను పడ్డ మాటలు చెప్పాలంటే పొద్దు చాలదు. గుంటలో నీళ్లు పలచబడ్డాయి. మధ్యాహ్నం పూట చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. గద్దలు దిగి కొరమీనులను తన్నుకుపోతుంటే ఊరు కట్ట మీద నిలబడి, ఆ చేప తమ కంచంలోది అన్నట్టు చూసేది. మెకానిక్కు మునిప్రసాద్ నన్ను చూసినప్పుడల్లా గద్దలకు దండం పెట్టేవాడు.

"సామీ, నీకు నీరుగంటి అడ్డం ల్యాడు. నువ్వు దిగు సామీ."

వాడికి తోడు మా వీధి సంతోషమ్మ. కట్ట కింద గడ్డి కోసుకునే మనిషి. ఆమె ఊరికే మాట్లాడినా నాలుగు వీధులు వింటాయి. "యోగానంద మావకు ముసిలితనంలో పిట్టల మింద పాణం పోయిందబ్బా! ఇంట్లో సుబ్బులత్త సంగతేమో!"

ఇంట్లో నా పెళ్లాం సుబ్బులమ్మ ఇంకా మేలు. పళ్లెంలో వంకాయ పులుసు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"తిను. సేపలనుకోని తిను."

"ఆదివారం దాకా ఓపిక పట్టు."

"నాకేం, నేను పడతాను. ఆడ నీళ్లలో ఉండేవి పట్టొద్దా? సచ్చి తేలినాక ఎవురు తింటారు? ఆయమ్మి సదువుకు ఊరంతా పస్తు ఉండాల్నా?"

చేపలు చచ్చేది నిజం. ఆ పిల్లకు గడువు లేనిదీ నిజం. రెండు నిజాలూ నా నెత్తినే పడ్డాయి. రచ్చబండ దగ్గర ఆదివారం మాపటేళకని గట్టిగా చెప్పి వచ్చాను. గొణిగారు గాని ఒప్పుకున్నారు. అప్పటికే అందరూ అటక మీద నుంచి ఊతలు దించి, కట్లు బిగించుకుని, వాకిట్లో పెట్టుకున్నారు. ఊత అంటే అడుగూ మూతీ తెరిచిన వెదురు బుట్ట. చేప మీద దాన్ని గబుక్కున గుచ్చి, పై నుంచి చెయ్యి దూర్చి పట్టుకుంటాం.

శనివారం వచ్చింది. ఎండ నెత్తి మీద ఉంది. నేను తూము దగ్గర కూర్చుని ఉన్నాను. రూతు అరిచింది.

"తాతా! గంప! ఎనుము!"

ఎవరి ఎనుమో బురదలో పొర్లి లేస్తూ, ఒక గంపను కొమ్ముతో పక్కకు తోసేసింది. గంప ఒరిగి, కింద మట్టి బయటపడింది. నేను కట్ట మీద నుంచే రాళ్లు విసిరి ఎనుమును అదిలించాను. అది పోయింది. దాని వెనకే ఉల్లంకి పిట్టలు వచ్చాయి. ఇన్నాళ్లూ మూత వేసిన పళ్లెం తెరిస్తే ఎట్లా ఉంటుంది? అట్లా తోసుకుంటూ వస్తున్నాయి.

"నిలబెట్టు తాతా! అవి తినేస్తే ఆ గంప పోయినట్టే. బిన్నా పో తాతా!"

"నేను కాలు పెట్టకూడదు పాపా."

"ఎవుర్నన్నా పంపు."

"నేను పెట్టకుండా ఎవురూ పెట్టరు."

"మరి ఎవురు పెట్టాల? నేను పెట్టేదా ఈ కాలు?" కుర్చీలోంచి లేవబోయింది. కట్టు కాలు నేలకు తగిలి అమ్మా అని కూలబడింది. "తాతా, నువ్వు సేపలకు పోతా ఉండావా? గంపకు గదా పోతా ఉండేది! గంపకు పోతే మీ దేవుడు కోప్పడతాడా?"

నేను ఆలోచించాను. కర్పూరం వెలిగించలేదు. పసుపు లేదు, కుంకుమ లేదు. మంచిది, ఇది దిగడం కిందికి రాదు అనుకున్నాను. కట్ట మీద ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. ఎండకు ఊరంతా ఇళ్లలో ఉంది. పంచె ఎగగట్టి బురదలోకి పోయాను. గంప నిలబెట్టి, అంచులు మట్టిలోకి తొక్కాను. పిట్టలు రవంత దూరం పోయి, మళ్లీ ముక్కులు గుచ్చుకుంటున్నాయి. పని అయింది. తిరిగి కట్ట వైపు తలెత్తాను.

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని సంతోషమ్మ కట్ట ఎక్కి నిలబడి ఉంది. నన్ను చూసింది. మోపు కింద పడేసింది.

"నీరుగంటి దిగినాడో! మావ దిగినాడో!"

"లేదు! దిగలే! సంతోషా, దిగలేదే!" అని నేను రెండు చేతులూ ఊపాను. బురదలో మోకాళ్ల దాకా నిలబడి దిగలేదు దిగలేదు అని అరిచేవాణ్ణి ఎవరు నమ్ముతారు? చేతులు ఊపితే దూరం నుంచి రమ్మని పిలిచినట్టు ఉంటుంది. ఆమె వీధుల వైపు తిరిగి ఇంకోసారి అరిచింది. అంతే, తలుపులు తెరుచుకున్న చప్పుడు నాకు చెరువులోకి వినిపించింది.

ఊతలు, గంపలు, చీరలు, దోమతెరలు, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని ఊరు కట్ట ఎక్కింది. అన్నాళ్లు బిగబట్టిన ఊరు. ఒకాయన తూము రాయి వైపు చూసి, "కర్పూరం యాడ?" అని అడిగాడు. పక్కాయన పరిగెత్తుతూనే, "మావ ఇంట్లో ఎలిగించుంటాడు లేప్పా" అన్నాడు. ఇంకెవరూ అడగలేదు.

పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. నా తల మీద ఒక చుట్టు తిరిగి, కట్ట దాటి వెళ్లిపోయాయి.

రూతు కట్ట మీద నుంచి అరుస్తూనే ఉంది. "అన్నా, గంపల కాడికి పోవద్దన్నా! అక్కా, ఆ పక్క! ఆ పక్కకు పో అక్కా!" కొరమీను కాళ్ల సందున పోతుంటే ఎవరికి వినపడుతుంది? చూస్తుండగానే ఒకడు ఇనుప గంపను పీకాడు. పైన జాలీ పరపరా చించాడు. దాన్ని చేప మీద గుచ్చి, పై నుంచి చెయ్యి దూర్చాడు. జెల్ల దొరికింది.

"ఒరే! ఊత కంటే మేలుగా ఉండాది రా ఇది!"

ఇక చెప్పేదేముంది. ఊతలు లేనివాళ్లంతా ఇనుప గంపల మీద పడ్డారు. పాపం ఆ మనుషులకు కోపం గాని, కక్ష గాని లేదు. సంతోషంగా చేశారు. ఒకామె దూరం నుంచి రూతుకు గంప ఎత్తి చూపించి, "బలే గంపలు తెచ్చినావు తల్లీ!" అని అరిచింది కూడా.

నేను ఒక మూల జారుడు మట్టిలో ఉన్న మూడు గంపల దగ్గరికి చేరాను. అక్కడ బురద లోతు, జనం ఇంకా రాలేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు తిట్టి పంపిస్తూ నిలబడ్డాను. కొంతసేపటికి మునిప్రసాద్ ఒక పెద్ద కొరమీనును రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. మొదటి పెద్ద చేప నీరుగంటికివ్వడం ఆచారం.

"ఇదో మావా, నీ వంతు. అవునూ, ఈడే నిలబడిపోయినావే? ఆ గంపల కింద ఏం దాసినావు?"

"ఏం ల్యా. మట్టి."

"మట్టికా కాపలా? ముందరే దిగి, మేలైనవి మూసిపెట్టినావా ఏంది?"

ఇంకో నలుగురు చేరారు. "ఎత్తు మావా, సూస్తాం" అన్నారు. కట్ట మీద నుంచి రూతు అరిచింది. "ఎత్తొద్దు తాతా! ఎత్తనియ్యొద్దు!"

ఆ అరుపుతో వాళ్ల అనుమానం గట్టిపడింది. "సూడు, ఆ పాపకూ తెలుసు" అన్నాడు ఒకడు.

"గంగమ్మ మింద ఒట్టు రా, మట్టే!" అన్నాను. మునిప్రసాద్ ఆగలేదు. చేపను చంకన ఇరికించుకుని, ఒక గంప అంచు కింద భుజం దాకా చెయ్యి దూర్చి, అటూ ఇటూ కెలికి, పిడికెడు నల్లమట్టి తీశాడు. అందులో ఎర్రగా దారాల్లాంటి పురుగులు మెదిలాయి. వాడు దాన్ని తేరిపార చూసి, విదిలించి పారేశాడు.

"నిజంగా మట్టే రా! ఈ పురుగులకా మావా ఇన్నాళ్లూ మమ్మల్ని ఆపింది?"

వాడి గొంతులో ఎగతాళి లేదు. నిజంగా అడిగాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

"నా వంతు సేప నువ్వే తీసుకోని పోరా. మిగిలిన రెండు గంపలూ ముట్టొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

వాడు చేప తీసుకోలేదు. దాన్ని నా భుజాన వేసి, మిగతావాళ్లను తోసుకుంటూ వెళ్లిపోయాడు.

పొద్దు వాలేసరికి చెరువు ఖాళీ అయింది. నేను రెండు గంపల పక్కన నడుం పడిపోయి నిలబడి ఉన్నాను. రూతు ఫోన్లో వాళ్ల సారుతో మాట్లాడుతోంది. "రెండుండాయి సార్... రెండు సార్... తెలుసు సార్, సాలవు." ఫోన్ కింద పెట్టి, కట్ట మీద నుంచి మట్టి తీసే గుండ్రటి గొట్టం ఒకటి నాకు విసిరింది.

"తియ్యి తాతా. రేపటికి ఇవీ ఉండవు. నిట్టనిలువుగా గుచ్చు. వంకరగా గాదు. అయ్యో, వంకరగా గాదంటే! ఇంకా లోతు. పైన అరచెయ్యి మూసి లాగు. బిన్నా గాదు, నిదానంగా!"

పొద్దుటి నుంచి ఊరి మాటలు పడ్డాను, ఇప్పుడు ఈ పిల్ల మాటలు. నోరు మూసుకుని గుచ్చాను, లాగాను, సంచుల్లో పోశాను. గంప కింద మట్టి రెండు సంచులు అయింది.

"ఇప్పుడు పక్కన తియ్యి తాతా. పిట్టలు తిన్న సోట."

నేను పక్కకు చూశాను. గొట్టం పట్టుకుని చుట్టూ తిరిగాను. ఎక్కడ చూసినా కాళ్ల అచ్చులే. అచ్చు మీద అచ్చు. పిట్టలు తిన్న మట్టి, తినని మట్టి, అడుగుమట్టి, అంతా కలిసి కలయతొక్కిన మడిలా ఉంది. ఒక అడుగు మేర కూడా మిగల్లేదు.

నేను చెప్పనక్కర్లేకుండా ఆ పిల్ల దుర్బిణిలో చూసింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది. దుర్బిణి ఒళ్లో పెట్టుకుంది.

"పక్కది ల్యాకుంటే ఇది దేనికి పనికొస్తాది తాతా?"

నేను సంచులు పట్టుకుని కట్ట ఎక్కాను. "వచ్చే ఏడు రా పాపా" అన్నాను.

"వచ్చే ఏడు నాకు లేదు తాతా."

"నేను పెడతా గంపలు. ఎట్ట పెట్టాల్నో సెప్పి పో. నీ గడువు పోయినా మట్టి తీసి పంపిస్తా."

ఆ పిల్ల నన్ను చూసి నవ్వబోయి, నవ్వలేక, కోపంగా అంది. "నువ్వా? నువ్వు కాలు పెడితే ఊరు దిగతాది గదా తాతా!"

నాయన దగ్గర నుంచి వచ్చిన కాలు ఇది. దాన్ని నాకు కావాల్సిన చోట పెట్టుకునే హక్కు నాకు లేదా? ఎవరినైనా నిలదీసి అడగాలనిపించింది. అడగడానికి ఎవరూ లేరు. అందరూ చేపలు కడుక్కుంటున్నారు.

చివరి బస్సు వేళైంది. మట్టి పారబోసి పొమ్మన్నాను, కట్టు కాలుతో మోయలేవని. వినలేదు. "రెండు సంచులైనా, ఇందులో ఏముండాదో అది రాస్తా. పిట్టలు ఎంత తిన్నాయో రాయలేకపోతే, తినేదానికి ఏముండిందో రాస్తా. సారు కొట్టేస్తే కొట్టెయ్యనీ." ఆ మాట ధైర్యంగా చెప్పలేదు. మొండిగా చెప్పింది. రెండు సంచులూ నేనే మోసుకుని, ఆ పిల్లకు భుజం ఆనిచ్చి, రోడ్డు మీదకు తీసుకుపోయాను.

బస్సు ఎక్కించాక కండక్టర్ ముక్కు మూసుకున్నాడు.

"ఏందమ్మా ఇది, ఈ కంపు? ఎనకాల పెట్టు."

"ఎనకాల ఎగిరిపడతాయి. ఒళ్లో పెట్టుకుంటా."

"బురద ఒళ్లో పెట్టుకుంటావా? సీటు పాడైపోతాది. కింద పెట్టు."

"కాలు ఇరిగుండాదన్నా, కింద నా కాలుండాది. ఇంకేడ పెట్టేది? నీ తలకాయ మింద పెట్టేదా?"

బస్సులో జనం పక్కున నవ్వారు. కండక్టర్ ఏదో గొణిగి బెల్లు కొట్టాడు. ఆ పిల్ల రెండు సంచులనూ ఒళ్లో సర్దుకుని, మూతులు రెండు చేతులా బిగించి పట్టుకుంది. నా వైపు చూసిందో లేదో తెలియదు, కిటికీ అద్దం మురికిగా ఉంది. బస్సు పుత్తూరు వైపు తిరిగిపోయింది.